కాలువ గట్టు మీది కడియం రాయి

గడిచిన వేసవిలో మా చెల్లెలి మనవరాలు కడప నుంచి ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కర్నూలు చూడాలని వచ్చిన పిల్లలు. పొద్దున ఎనిమిదికి ఆటో ఎక్కి పోయినవాళ్లు పన్నెండున్నరకల్లా తిరిగొచ్చి, బురుజు అయిపోయింది, హంద్రీ ఒడ్డున గుమ్మటాల సమాధి అయిపోయింది, తుంగభద్రలో కాళ్లు తడుపుకోవడం కూడా అయిపోయింది, మీ ఊళ్లో ఇంక చూడ్డానికేముంది తాతా అని అడిగారు. ఫోనులో ఉన్న జాబితా నాకు చూపించారు కూడా. అందులో నాలుగే ఉన్నాయి. నాలుగోది ఓర్వకల్లు రాళ్లగుట్టలు, అవి ఊరి బయటివి కనుక నేను లెక్కలోకి తీసుకోలేదు. తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, ఫ్యాను కింద పడుకోమని చెప్పి, నేను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ పిల్లల తప్పేమీ లేదు. ఏ జాబితాలోకీ ఎక్కని ఒక తావు ఈ ఊళ్లో ఉండేదని తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను, ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిదీ నేనే.

నేను పుట్టింది బేతంచెర్ల పక్క పల్లెలో. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. ఇరవై ఏళ్లు నిండకముందే కర్నూలు వచ్చి, మా ప్రాంతపు బండలను ఇళ్లలో పరిచే పనిలో చేరాను. ఈ కాలపు పిల్లలకు పలకలు పలకలుగా మెరిసే టైల్సే తెలుసు గానీ, నా వయసువాళ్లకు ఎండాకాలం మధ్యాహ్నం బేతంచెర్ల బండ మీద చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకు తగిలే చల్లదనం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ పనిలో ఒక సుఖముంది. పరిచిన బండ మీద ఆ పూట ఎవరూ అడుగు పెట్టకూడదు, పరిచినవాడితో సహా. తెల్లవారక ముందే మొదలుపెట్టి గది మూల నుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ గడప దాకా వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, ఆపైన మాకు పని ఉండదు. మా జట్టువాళ్లు సినిమాకో పేకాటకో పోతే, నేను మోకాళ్లకు అంటిన సిమెంటు దులుపుకుని శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. మొదట పత్రికల్లో పెద్ద అక్షరాలు, తర్వాత కథలు, ఆ తర్వాత బీరువా తర్వాత బీరువాగా చేతికందినదల్లా. ఎక్కడో ఈజిప్టులో నది ఏ నెలలో పొంగుతుందో, చైనాలో గోడ ఎంత పొడవో నాకు నోటికి వచ్చేవి. మా జట్టులో మేస్త్రీ నన్ను పంతులని పిలిచేవాడు, ఎగతాళికే గానీ నాకు లోలోపల సంతోషంగానే ఉండేది.

ఆ చదువు పిచ్చే నన్ను ఊరంతా తిప్పింది. ఏ సందులో పని దొరికితే ఆ సందు కథ పుస్తకాల్లో వెతికేవాణ్ణి, దొరక్కపోతే అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడిగేవాణ్ణి. పాతబస్తీలో ఒకరింటి పెరటిగోడలో కోటరాళ్లు ఉండేవి, వాటి సందుల్లో వాళ్లు పళ్లపొడి డబ్బాలు పెట్టుకునేవారు. ఒక కట్టెల అడితి వెనక నదిలోకి దిగే మెట్లు పన్నెండు ఉండేవి, ఆ మెట్లు ఎవరు కట్టించారో అడితి యజమానికీ తెలియదు. ఈ ఊరు నాకు తెలిసినంతగా ఇక్కడ పుట్టినవాళ్లకు కూడా తెలియదని ఇరవై రెండో ఏట నా నమ్మకం. మా అవ్వ కర్నూలు వచ్చింది సరిగ్గా అప్పుడే.

అవ్వ అంటే మా నాయన తల్లి. అప్పటికి డెబ్బై దాటాయి. ఒక కన్ను ఏనాడో పోయింది, రెండో కంటికి పొర కమ్మింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే శుక్రవారం ఆపరేషను చేస్తామన్నారు. ఆ రోజు మంగళవారం. అన్నిటికీ తలూపిన అవ్వ, ఆసుపత్రి మెట్లు దిగి వేపచెట్టు నీడకు చేరగానే నా చెయ్యి విడిపించుకుని కూలబడింది.

"నేను కోయించుకోనురా అబ్బోడా" అంది.

భయపడుతోందేమోనని నేను నాకు తెలిసిన కంటిశాస్త్రమంతా చెప్పాను. ఓపికగా విని, చివరికి అసలు మాట చెప్పింది.

"కోసినాక ఈ కన్ను గూడా పోతే ఏం చేస్తావు? ఉండే సూపుతో మా అమ్మ ఉండే తావు ఒగతూరి సూడల్ల. సూపించు, యాడ కోస్తారో కోసుకోమను."

అవ్వ తల్లి కర్నూలులోనే చనిపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ తండ్రి పడవ మనిషి. ఒకప్పుడు కర్నూలు నుంచి కడప దాకా పోయే కాలువలో సరుకు పడవలు నడిచేవి, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని వాటిని లాగేవారు. ఆ లాగేవాళ్లలో ఆయనొకడు. భార్యాబిడ్డలు పడవలోనే ఉండేవారు. అవ్వకు ఏడెనిమిదేళ్లప్పుడు పడవ కర్నూలు చేరే రోజున తల్లి జ్వరంతో పోయింది. పడవ తెల్లారి కదలాలి. ఆ సాయంత్రమే ఈ ఊళ్లోనే పూడ్చిపెట్టి, మరునాడు పడవతో పాటే వెళ్లిపోయారు. కొన్నాళ్లకు తండ్రి అవ్వను మేనమామ ఇంట్లో వదిలాడు. ఆ తర్వాత పెండ్లి, పిల్లలు, కూలిపని. మా పల్లె నుంచి కర్నూలు ఎంతో దూరం కాదు, అయినా ఫలానా పనుందని చెప్పకుండా ఊరు దాటే ఆడమనిషిని ఆ రోజుల్లో ఎవరు పోనిచ్చారు?

మాది క్రైస్తవ కుటుంబం. ఈస్టరు తెల్లవారుజామున మా ఊళ్లో అందరం సమాధుల దగ్గరికి పోయి ఎవరి పెద్దలకు వాళ్లం కొవ్వొత్తులు వెలిగిస్తాం. అవ్వ మా తాతకు ఒకటి, చనిపోయిన తన బిడ్డకు ఒకటి వెలిగించి, మూడోది తీసుకుపోయి సమాధుల ప్రహరీ మూలలో ఉత్త నేల మీద నిలబెట్టేది. అది తల్లికి. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించేది. చిన్నప్పుడు నేను దాన్ని చూసి నవ్వేవాణ్ణి.

ఊరు నాకు తెలుసు కనుక బుధవారం పొద్దున్నే, ఏమాత్రం సందేహం లేకుండా, అవ్వను పాత క్రైస్తవ సమాధుల దొడ్డికి తీసుకుపోయాను. అక్కడ దొరల కాలం నాటి రాళ్లు ఎత్తుగా ఉంటాయి, మా వాళ్ల రాళ్లు పొట్టిగా ఉంటాయి. అక్షరం నేర్చుకున్నది ఆలస్యంగా కనుక నా దృష్టిలో సమాధి అంటే చదవవలసిన వస్తువు. ఒక కొస నుంచి మొదలుపెట్టాను. గడ్డి తొలగించి, నాచు గీకి, పేరు, తండ్రి పేరు, వాక్యం, అన్నీ గట్టిగా చదివాను. ఇంగ్లీషు రాళ్లను కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని వదలకుండా చదివాను. అవ్వ నా మోచెయ్యి పట్టుకుని ప్రతి రాయి దగ్గరా నిలబడి, మొత్తం విని, "ఈమె కాదులే, పా" అనేది. ఎవరిదో పసిబిడ్డ రాయి చదివినప్పుడు మాత్రం కాసేపు కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. నా గొంతు ఎండిపోయింది.

"మీ అమ్మ పేరు ఏ రాతి మీదా లేదవ్వా" అన్నాను ఓడిపోయి.

"యాడుంటాదిరా? మా అమ్మ రాతి మింద అచ్చరాలు యాడివి? మాలో సదువొచ్చినోల్లు ఎవరుండ్రి?"

నాకు ఒళ్లు మండింది. "పొద్దన్నుంచి చెప్పొచ్చు కదా!"

"నువ్వు సదువుతాంటే ఇనబుద్దయింది" అంది అవ్వ. మూలకు తల తిప్పి, "ఆ మూల ఇంగ రెండు మిగిలినట్లుండాయే. అవి గూడా సదువు, పోదాం" అంది.

ఆ రెండూ చదివాను. ఎందుకు చదివానో తెలియదు. ఈ వయసులో ఆలోచిస్తే, నా జీవితంలో నా చదువును అంత శ్రద్ధగా విన్నవాళ్లు మరొకరు లేరనిపిస్తుంది.

చింతచెట్టు కింద సద్ది విప్పుకున్నాక, అప్పుడు అడిగాను, మొదటే అడగవలసిన మాట. నీకేం గుర్తుందవ్వా అని. అక్షరాలు లేవు గానీ రాయి ఉందట. పడవను గట్టుకు కట్టేయడానికి వాడే ఇనుప కడియం బిగించిన రాయి ఒకటి వాళ్ల నాయన అడిగి తెచ్చుకుని తలాపున పాతాడట. మళ్లీ పడవ మీద వచ్చినప్పుడు గుర్తు దొరకాలని, వంతెన కొస నుంచి లాగుడు తాడు పొడవు కొలిచి మరీ పూడ్చాడట. ఏ వంతెన అంటే, "మా పడవ ఏటి మింద పోయిందే, ఆ వంతెన" అంది. పడవలు ఏట్లో పోతాయవ్వా, ఏటి మీద ఎట్లా పోతాయని నవ్వాను. "పోయిందిరా. కింద ఏట్లో ఎనుములు నిలబడుకోనుండె, నేను పైన పడవలోంచి సూస్తి" అంది అవ్వ. ముసలితనపు మాట అనుకున్నాను.

అయినా ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి, అక్కడి పెద్దాయనతో ఈ మాట నవ్వుతూనే చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, కాలువ హంద్రీని దాటేది వంతెన మీదనే కదప్పా, నువ్వు చూడలేదా అన్నారు. నేను ఆ వంతెన పక్కగా ఎన్నిసార్లు సైకిలు మీద పోయానో! రాతి కమానుల పైన నీళ్లు పారుతాయని, కింద ఏరు వేరు, పైన కాలువ వేరు అని పుస్తకంలో కూడా చదివాను. అది చదివిన తలకాయకు, ఆ నీళ్లలో ఒకప్పుడు పడవ కూడా పోయి ఉంటుందని తట్టలేదు. ఈజిప్టు దాకా పోయివచ్చినవాణ్ణి, హంద్రీ దగ్గర తప్పిపోయాను.

గురువారం మధ్యాహ్నం పని ముగించుకుని అవ్వను అక్కడికి తీసుకుపోయాను. ఎండలకు హంద్రీ సన్నబడి ఉంది. పైన కాలువ నిండుగా పోతోంది. వంతెన కొసన నిలబెట్టగానే అవ్వ నా చెయ్యి వదిలేసింది. నీళ్ల చప్పుడు వింటూ ఏటికి వీపు పెట్టి తిరిగి, చెయ్యి చాపి గట్టు కిందికి చూపించింది. అక్కడంతా ఇళ్లు. పెంకుటిళ్లు, రేకుల కొట్టాలు, మేకలు, ఆరేసిన చీరలు. తాడు పొడవు ఎంతో నాకు తెలియదు, అవ్వకు చెప్పడం రాదు. ఆ చివరి నుంచి ఈ చివరికి మూడుసార్లు నడిచాం. కాలువ మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఒక ఆడమనిషి మమ్మల్ని చూసీ చూసీ చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఏమప్పా, ముసలామెను ఎండలో తిప్పి తిప్పి సంపుతావా ఏంది? గుడ్డల నిండా సిమెంటుండాది, గట్టుకు గూడా బండలు పరిచేకి వచ్చినావా?"

"కడియం ఉండే రాయి ఒగటి ఉండల్ల అమ్మా ఈడ. ఇనుప కడియం" అంది అవ్వ, నాకంటే ముందు.

"కడియం తాతనా? అట్ల అడగల్ల గదా మల్ల. అదో, ఆ పచ్చ తలుపు. బేస్తవారమే గదా ఈ పొద్దు, మంచి దినమే వచ్చినారు" అని మళ్లీ బట్టను రాతికేసి బాదింది.

ఆ ఇల్లు ఒక ముస్లిం కుటుంబానిది. పెరట్లో అరవై ఏళ్ల ఇంటిపెద్దామె కోళ్లకు నూకలు చల్లుతోంది. పెరడంతా మా బేతంచెర్ల బండలే, ఎవరు పరిచారో గానీ పనివాడే. నడుమ ఒక చోట మాత్రం జానెడు మేర నేలను వదిలి, చుట్టూ బండల అంచులను గుండ్రంగా కోసి కూర్చాడు. ఆ వదిలిన నేలలోంచి మోకాలెత్తు రాయి, దాని నెత్తిన అరిచేతి వెడల్పున అరిగిన ఇనుప కడియం. రాతికి పచ్చని గుడ్డ చుట్టి ఉంది. ముందు మట్టి మూకుడులో నిప్పులు, సాంబ్రాణి పొగ.

"ఈయన కడియం తాతమ్మా" అంది ఆమె అవ్వతో. "మా మామ ఇల్లు కట్టేకి పునాది తీస్తాంటే అగుపడినాడంట. ఏ కాలమోడో, యాడినుంచి వచ్చినాడో. గుర్రం మింద వచ్చినాడని అంటారు, దాన్ని కట్టేసేకే ఈ కడియం. అబ్బట్నుంచి ప్రతి బేస్తవారం పొగ ఏస్తాండాం. ఎవురికీ చెడ్డ చేసినోడు కాదు."

నా నోట్లో మాట అప్పటికే తయారైపోయింది. అది గుర్రపు కడియం కాదమ్మా, పడవ కడియం, ఈ కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవి, ఇది తాత కాదు అని. నాలుగేళ్ల గ్రంథాలయం నాలుక కొసన నిలబడింది. "అసలు ఇది..." అని మొదలుపెట్టానో లేదో, అవ్వ వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. గోళ్లు దిగేంతగా.

అవ్వ నెమ్మదిగా కింద కూర్చుంది. రాతిని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి తడిమింది. కడియంలోకి నాలుగు వేళ్లూ పోనిచ్చి, చిన్నపిల్ల పెద్దవాళ్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ మసక కంటిని రాతికి బెత్తెడు దూరానికి తెచ్చి చాలాసేపు చూసింది. తర్వాత ఇంటామెను ఒకే ఒక మాట అడిగింది.

"ఈ తాతకు కోపమెక్కువనా అమ్మా?"

"కోపమా? పిలకాయలు పైన దుంకితే మాత్రం ఊరికే ఉండడు. మా పెద్దోడు ఒగతూరి ఎక్కి దుంకి కాలిరగ్గొట్టుకున్న్యాడు. మల్ల ఎవురూ ఎక్కలేదు."

అవ్వ నవ్వింది. పళ్లు లేని నోటితో, భుజాలు కదిలేలా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో ఇంటామెకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. కంటికి రేపు ఆపరేషనని నేను చెబితే, ఆమె లేచి వచ్చి మూకుడులోంచి చిటికెడు బూడిద తీసి, కంట్లో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, అవ్వ నొసట పెట్టింది. "తాత సూసుకుంటాడు, భయపడొద్దు" అంది. మా పేరేమిటని అడగలేదు. మేము ఎవరం, ఆ బూడిద పెట్టించుకునేవాళ్లమా కాదా అన్నది కూడా అడగలేదు. వచ్చేటప్పుడు గ్లాసు నిండా టీ ఇచ్చింది, అవ్వకు సాసరులో పోసి ఊది మరీ ఇచ్చింది.

గట్టెక్కాక అడిగాను, ఎందుకు చెప్పనివ్వలేదని.

"చెప్తే ఏమైతాది? తాత కాదంట, ఎవురో పడవలాగేవోని పెండ్లామంట అని పొగ ఆపేస్తే? నేను అరవై ఏండ్లు వట్టినేల మింద కొవ్వొత్తి పెడ్తి. వాల్లు మా అమ్మకు వారం వారం పొగ ఏసినారు. బండ గూడా పైన పడకుండా కోసినారు." నాలుగడుగులు వేసి మళ్లీ తనలో తాను నవ్వుకుంది. "మా అమ్మకు దుంకులాట అంటే సరిపోదురా. పడవ మింద దుంకినానని నన్ను శానా కొట్టింది. ఇంగా ఆ కోపం పోలేదు సూడు."

శుక్రవారం ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు అవ్వ మొదట నా ముఖం చూసి, ఇంత నల్లబడినావేమిరా అంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఈస్టరుకు ఇక రెండు కొవ్వొత్తులే తెచ్చుకునేది. మూడోది ఏదత్తా అని మా అమ్మ అడిగితే, "దానికి పెట్టేటోల్లు ఉండార్లే" అని ఊరుకునేది. ఆ మాటకు అర్థం నాకూ అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు, బేస్తవారం చూసుకుని, అటు పోయేవాణ్ణి. గ్రంథాలయంలో ఆ కాలువ మీద ఉన్న నాలుగు పుటలూ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పడవలు లాగినవాళ్ల పేర్లు గానీ వాళ్ల ఆడవాళ్ల పేర్లు గానీ అందులో ఒక్కటీ లేవు.

చాలా ఏళ్ల తర్వాత ఊరిని ముంచిన ఆ పెద్ద వరద వచ్చింది. నీళ్లు తీసిన నాలుగో రోజు పోయి చూస్తే ఆ వరస ఇళ్లు మోకాలి లోతు బురద, ఏ గోడ ఎవరిదో తెలియదు. ఆ కుటుంబం ఎటు పోయిందో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఒకరు బంధువుల ఊరన్నారు, ఒకరు ఊరి బయట కొత్త కాలనీ అన్నారు. కొన్నాళ్లకు అక్కడే ఎవరెవరో మేడలు కట్టుకున్నారు. రాయిని ఎవరైనా తీశారా, పునాదిలో కలిసిపోయిందా, నాకు తెలియదు.

ఈ మధ్య ఒక సాయంత్రం అంత దూరం నడిచిపోయాను. గట్టు పొడవునా సిమెంటు వేశారు, కాలువ శుభ్రంగానే ఉంది, చాకిరేవు మెట్లు లేవు. పచ్చ తలుపు ఉండిన చోట, నా అంచనా ప్రకారం, ఒక రెండంతస్తుల ఇల్లు ఉంది. ఇనుప గేటు, గేటు పైన కెమెరా, పక్కన గంట మీట. మీట దాకా వేలు పోయింది. ఎవరు మీరు, ఏం పని అని లోపలి నుంచి అడుగుతారు. అడగడం తప్పు కాదు, కాలం అలా ఉంది, మా ఇంటి గేటుకూ అలాంటిదే ఉంది. ఏమని జవాబు చెప్పాలో ఆలోచిస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆనాడు అవ్వా నేనూ ఆ పెరట్లోకి ఏమని చెప్పుకుని పోయామో గుర్తు తెచ్చుకుంటే ఆ మాటే చెప్పవచ్చు కదా అనుకున్నాను. టీ గ్లాసు గుర్తుంది, కోళ్లు గుర్తున్నాయి, ఆమె అరచెయ్యి అడ్డం పెట్టడం గుర్తుంది. గడప దగ్గర ఏం చెప్పామో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. బహుశా మమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు.